చప్పుడు చెయ్యని ట్రాక్టరు

మా ఇంటి ఓనరుగారితో నా పరిచయం పోట్లాటతో మొదలైంది. స్టుట్‌గార్ట్ నుంచి ఎస్-బాన్ రైలు ఆగిపోయే చివరి స్టేషన్ దగ్గర ఒక పల్లె. ఆయన ఇంటి పై అంతస్తు మేం అద్దెకు తీసుకున్నాం. కింద ఓనరుగారు, ఓనరమ్మ ఉంటారు. ఇంటి వెనకాల పెద్ద కొట్టం. ఇల్లు చూపించిన రోజు ఓనరమ్మ ఏ చెత్త ఏ డబ్బాలో వెయ్యాలో, మెట్లు ఏ వారం ఎవరు తుడవాలో, మధ్యాహ్నం పూట డ్రిల్లింగ్ మెషీన్ ఎందుకు వాడకూడదో విడమరిచి చెప్పింది. కొట్టంలో ఏముందో మాత్రం చెప్పలేదు.

చేరిన మొదటి శనివారమే అది తెలిసిపోయింది. పాపను అప్పుడే జోకొట్టి పడుకోబెట్టాను. ఉన్నట్టుండి కిటికీ అద్దాలు గడగడలాడాయి, అలమరలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి, పాప గుక్కపట్టి ఏడ్చింది. కోపం వచ్చినప్పుడు నాకు భాష రాదన్న బెంగ ఉండదు. కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా కొట్టంలోకి దిగిపోయి, నాకొచ్చిన జర్మన్ అంతా ఆయన మీద కుమ్మరించాను. మేం గోడకు మేకు కొడితే తప్పు, మీరు ఇంట్లో విమానం నడిపితే ఒప్పా అని అడిగాను. ఆయన చెవులకున్న పెద్ద మూతలు తీసి, తల పక్కకు వంచి, ఏమన్నారన్నట్టు చూశారు. మళ్ళీ మొదట్నుంచీ తిట్టాల్సి వచ్చింది. రెండోసారి తిట్టేసరికి కోపం సగం చల్లారిపోతుంది.

"విమానమే," అన్నారు ఆయన, ఏమాత్రం నొచ్చుకోకుండా. "ఇంజను విమానానిదే. చూస్తారా?"

చూశాను. వెనక రెండు చక్రాలు నా కంటే ఎత్తు. ముందు రెండూ మా పాప సైకిల్ చక్రాలకు అన్నల్లా ఉన్నాయి. మధ్యలో పొడుగాటి ఇనప చట్రం, దాని మీద ఎప్పటిదో పాత విమానపు ఇంజను, ఒంటినిండా పొగగొట్టాలు. దీంతో దున్నుతారా అని అడిగాను. లేదట. దీని పని ఒక్కటే, బరువు లాగడం. ట్రాక్టర్ పుల్లింగ్ అంటారు. ఆ మాట అంటుంటే ఆయన ముఖం వెలిగిపోయింది. ఇక నాకు తిట్టబుద్ధి కాలేదు.

నేను పుట్టింది, మెట్టింది పల్నాడులో. ఎద్దులు బండ లాగే పందెం చూస్తూ పెరిగిన దాన్ని. అందుకే ఆయన చెప్పింది చెప్పినట్టు అర్థమైంది. మనవాళ్ళు గిత్తల పళ్ళు చూసి తరగతులు కడతారు కదా, పాలపళ్ళవి, రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి అని. వీళ్ళు ట్రాక్టరును డ్రైవరుతో సహా కాటా మీద పెట్టి, బరువును బట్టి, ఇంజనును బట్టి విడగొడతారు. పొలంలో తిరిగే మామూలు ట్రాక్టర్లకు ఒక తరగతి. ఫ్యాక్టరీ ఇంజనే ఉంచి దానికి గాలి ఎక్కువ పట్టించేవాటికి ఇంకొకటి. ఇనప చట్రం మీద విమానం ఇంజనో హెలికాప్టర్ ఇంజనో, ఒకటి చాలకపోతే నాలుగో, ఏది బిగించుకున్నా అడగని తరగతి మరొకటి. మా ఓనరుగారిది ఆ అడగని జాతి.

తేడా అల్లా బండలో ఉంది. మన బండ బరువు మొదట ఎంతో చివరా అంతే. వీళ్ళు లాగేది ఒక పెద్ద బండి. నేను దాన్ని బరువుబండి అంటాను. దాని మీద ఇనప దిమ్మెలున్న పెట్టె ఒకటి ఉంటుంది. ట్రాక్టరు ముందుకు కదిలే కొద్దీ ఆ పెట్టె కూడా పట్టాల మీద ముందుకు జరుగుతుంది, బండి ముందుభాగం నేలను అదుముతుంది. వెళ్ళే కొద్దీ బరువెక్కుతుందన్నమాట. వంద మీటర్లు లాగితే పూర్తిగా లాగినట్టు. చాలామంది మధ్యలోనే ఎక్కడో ఒకచోట చక్రాలు మట్టిలో దిగబడి ఆగిపోతారు. ఎక్కడ ఆగితే అక్కడికి కొలత.

ఆ తర్వాత రెండేళ్ళు శనివారం వస్తే పాపను తీసుకుని ఏ లైబ్రరీకో వెళ్ళిపోయేదాన్ని. ఓనరమ్మే ఇంజను నడిపే వేళ ముందుగా చెప్పేది. పోటీలకు కూడా ఒకటి రెండుసార్లు వెళ్ళాం. దూది చెవుల్లో పెట్టుకున్నా ఆ శబ్దం కడుపులో మోగుతుంది. మా ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి, హైదరాబాదులో పెరిగాడు. ఇదేం సరదా అని విసుక్కుంటూనే అందరికంటే ముందు సాసేజ్ కొట్టు దగ్గర వరుసలో నిలబడేవాడు.

ఒక రోజు ఓనరమ్మ ప్లమ్ కేకు పట్టుకుని పైకి వచ్చింది. కేకు బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని, కిటికీలోంచి కొట్టం వైపు చూస్తూ చెప్పింది. ఓనరుగారికి చెవుల డాక్టరు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకడానికే నెలలు పట్టిందట. దొరికాక ఆ డాక్టరు తేల్చి చెప్పేశాడట. వినికిడి ఇప్పటికే చాలావరకు పోయింది, మిషన్లు పెట్టుకుంటే మాటలు వినబడతాయి, కానీ ఆ ఇంజను పక్కన ఇంకా కూర్చుంటే ఆ మిగిలిందీ ఉండదు. మూతలు పెట్టుకున్నా అంతే, శబ్దం ఎముకల్లోంచి పాకుతుందట. "నేను వద్దన్నాను," అంది ఓనరమ్మ. "సరే అన్నాడు. ఒక్కసారి కూడా వాదించలేదు. వాదించి ఉంటే బాగుండేది."

నాకు ఆవిడని చూస్తే జాలేసింది, ఆయన్ని తలుచుకుంటే దిగులేసింది. ఆ దిగుల్లోనే నోరు జారాను. నేను పనిచేసేది కార్ల విడిభాగాల కంపెనీలో. ఎలక్ట్రిక్ మోటార్లను అదుపులో ఉంచే కంట్రోలర్లను పరీక్షించడం నా ఉద్యోగం. "చప్పుడే కదండీ అడ్డం, చప్పుడు తీసేద్దాం. మోటారు పెడదాం," అన్నాను. సాయంత్రం ఆ మాట ఆయన చెవిన పడింది. మెట్ల కింద నిలబడి పెద్దగా నవ్వారు. "వాషింగ్ మెషీన్ నడపమంటారా నన్ను?"

నవ్విన మనిషి నెల తిరక్కుండా మా తలుపు తట్టారు. చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని గడప అవతలే నిలబడి, "ఆ వాషింగ్ మెషీన్ సంగతి కాస్త వివరంగా చెబుతారా?" అన్నారు.

ఆ చలికాలం అంతా శనివారాలు కొట్టంలోనే గడిచాయి. యాక్సిడెంట్లలో నుజ్జయిపోయిన ఎలక్ట్రిక్ కార్ల నుంచి మంచిగా మిగిలిన బ్యాటరీలు, మోటార్లు తెచ్చారు. చట్రం, గేర్లు, ఇరుసు ఆయన చూసుకున్నారు. వైర్లు, కంట్రోలరు, దాని ప్రోగ్రాము నేను. మొదట్లో తెగ కొట్టుకున్నాం. డీజిల్ ఇంజను మెల్లగా బలం పుంజుకుంటుంది, మోటారు అలా కాదు, మొదటి క్షణంలోనే ఉన్న బలమంతా చక్రానికి ఇచ్చేస్తుంది. ఇస్తే చక్రం అక్కడే గిరగిరా తిరిగి గొయ్యి తీస్తుంది. అందుకే నేను ప్రోగ్రాములో మెల్లమెల్లగా బలం వదిలేలా పెట్టాను. ఆయనకది నచ్చలేదు. నా కాలు ఉండగా మీ కంప్యూటర్ పెత్తనం ఏంటన్నారు. నేను స్పానర్ బల్ల మీద విసిరికొట్టి పైకి వచ్చేశాను. మర్నాడు ఓనరమ్మ చేత ఆపిల్ రసం సీసా పంపించి, ఇక మనం ఒకరినొకరు 'నువ్వు' అనుకుందాం అని కబురు చేశారు. ఇక్కడ అది పెద్ద గౌరవం. జర్మన్‌లో నువ్వు అనే అనేదాన్ని. తెలుగులో రాయబోతే మాత్రం వేళ్ళు ఒప్పుకోవడం లేదు, పెద్దాయన.

ఓనరుగారి ట్రాక్టర్ పుల్లింగ్ క్లబ్బువాళ్ళు మమ్మల్ని ఆడిపోసుకున్నారు. ఒకాయన బట్టల సబ్బుపొడి పెట్టె రంగు కాగితం చుట్టి తెచ్చి ఆయనకు బహుమానం ఇచ్చాడు. ఓనరుగారు పుచ్చుకుని థాంక్స్ చెప్పారు. ఆ సబ్బుపొడితోనే నెల రోజులు మేం మెట్లు కడిగాం.

అసలు చిక్కు నియమాల దగ్గర వచ్చింది. ఎన్ని సిలిండర్లు ఉండొచ్చు, ఏ ఇంధనం పొయ్యొచ్చు, గొలుసు తగిలించే కొక్కెం ఎంత ఎత్తులో ఉండాలి, అన్నిటికీ నియమం ఉంది. బరువుబండి నుంచి ట్రాక్టరుకు ఒక తాడు కట్టాలి. గొలుసు తెగితే ఆ తాడు లాక్కుని ఇంజనుకు గాలి ఆగిపోవాలి. మా దానికి గాలే అక్కర్లేదు. మరి ఏం ఆపాలి? ఈ పోటీలు నడిపే సంఘం తరఫున సాంకేతిక కమిటీ పెద్దమనిషి ఒకాయన వచ్చి చూశారు. సన్నగా, పొడుగ్గా, నవ్వడానికి కూడా అనుమతి కావాలన్నట్టుండే మనిషి. తాడు లాగితే కరెంటు తెగేలా చెయ్యమన్నారు, కరెంటు వైర్లన్నీ నారింజ రంగు గొట్టాల్లో ఉండాలన్నారు, వెనక నుంచి ఎవరైనా నొక్కి ఆపగలిగే మీట ఒకటి పెట్టమన్నారు. అన్నీ చేశాం.

చేశాక ఆయన ఒక మాట చెప్పారు. ఈ వేసవిలో మా ఊళ్ళో జరిగే పోటీలో దీనికి ఒక్క అవకాశం ఇస్తారు. వంద మీటర్లూ లాగితే వచ్చే సీజన్ నుంచి తేలిక తరగతిలో అందరితో సమానంగా పోటీకి దిగొచ్చు. లాగలేకపోతే కమిటీ ఈ ఎలక్ట్రిక్ గొడవ ఇప్పట్లో మళ్ళీ ఎత్తుకోదు. ఓనరుగారు తల ఊపారు. అందరికీ అర్థమైంది. చప్పుడు చేసే ట్రాక్టరు ఎక్కడానికి ఆయన చెవులు ఒప్పుకోవు. చప్పుడు చెయ్యని ఈ ట్రాక్టరు ఎక్కడానికి కమిటీ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఇక ఆయన లాగడం అంటూ ఉండదు.

సరిగ్గా అప్పుడే మా మామయ్యగారు విజిటర్ వీసా మీద వచ్చారు. మనవరాలితో మూడు నెలలు గడుపుదామని వచ్చిన మనిషి, మొదటి వారానికే బోరు కొట్టి ఇల్లంతా పచార్లు చేయడం మొదలుపెట్టారు. పాపను కీటాకి, అంటే చిన్నపిల్లల బడికి, దింపిరావడం, ఆదివారం స్టుట్‌గార్ట్‌లో మన తెలుగువాళ్ళ ప్రార్థన కూడికకు రావడం, అంతే ఆయనకు పని. ఇక ఉండబట్టలేక ఒక శనివారం నా వెనకే కొట్టంలోకి వచ్చారు. ట్రాక్టరు చుట్టూ తిరిగి, వెనక చక్రాన్ని అరచేత్తో తట్టారు.

"ఏందమ్మాయ్, దీనికి పళ్ళెన్ని?"

"ఇంకా పాలపళ్ళే మామయ్యా. ఇదే మొదటి పందెం."

మామయ్య వయసులో ఉన్నప్పుడు పందేల్లో జత పక్కన పరిగెత్తి అదిలించేవారు. ఆ ఊళ్ళలో ఆయన గొంతు పేరు మోసింది. ఓనరుగారికి ఆయన భాష రాదు, మామయ్యకు ఈయన భాష రాదు. అయినా ఇద్దరూ చక్రం పక్కన రెండు స్టూళ్ళు వేసుకుని, ఫోన్లో ఈయన ట్రాక్టర్లు, ఆయన గిత్తలు చూపించుకుంటూ గంటలు గడిపేవారు. గిత్త కొమ్ముల మధ్య పసుపు, కుంకుమ, పూలు చూసి ఓనరుగారు ఫోన్ దగ్గరగా తెచ్చుకుని చాలాసేపు చూశారు. నాకు అనువదించే పని కూడా పెద్దగా పడలేదు.

ఆ రోజుల్లోనే ఓనరుగారు నాతో ఒక మాట అన్నారు. పొలంలో ట్రయల్ వేసి దిగుతున్నారు. "ఇన్నాళ్ళూ ఇంజను గొంతు వింటూ తొక్కేవాణ్ణి. గొంతు మారితే చక్రం జారుతోందని తెలిసేది. ఇప్పుడు కళ్ళకు గంతలు కట్టుకుని నడుస్తున్నట్టుంది." వినబడే మిషన్లు తీయకుండా వాటి మీదే హెల్మెట్ పెట్టుకోమని ఓనరమ్మ చెప్పింది. పాత ట్రాక్టరు మీద అవి తీసేసి మూతలు పెట్టుకోవాల్సి వచ్చేది. దీనికి ఆ అవసరం లేదు. ఏమైనా వినబడితే మంచిదే కదా అంది ఆవిడ.

పోటీ రోజు ఎండ బాగా కాసింది. ఊరి చివర కోసేసిన పొలంలో మట్టి తడిపి, రోలర్‌తో తొక్కించి, రహదారిలాంటి దారి ఒకటి చేశారు. రెండు పక్కలా ఇనప కటకటాలు, వాటి వెనక జనం. అగ్నిమాపక దళంవాళ్ళ బీరు కొట్టు, సాసేజ్ పొగ, పిల్లల గోల. జట్టుమనుషులు నిలబడే చోటు దారికి బాగా దగ్గరగా ఉంటుంది. అక్కడ నేను, మామయ్య, ఓనరమ్మ. మామయ్యకు నేను నియమాలన్నీ అప్పజెప్పాను. గీత దాటకూడదు, దారి మీద కాలు పెట్టకూడదు, ఏదీ ముట్టుకోకూడదు. అన్నిటికీ అట్టాగేనమ్మా అన్నారు. కేకలు వెయ్యకూడదని మాత్రం చెప్పలేదు. అలాంటి నియమం ఒకటి ఉండాలని ఇక్కడ ఎవరికీ తోచలేదు. ఆ ఇంజన్ల పక్కన ఎవరు ఎంత అరిచినా డ్రైవరుకు వినబడదు కాబట్టి ఎవరూ అరవద్దని ఎప్పుడూ అనలేదు.

మమ్మల్నే మొదట లాగమన్నారు. మొదట లాగేవాడికి బరువుబండి మీద ఎంత బరువు పెట్టారో తెలియదు, దారి ఎలా ఉందో తెలియదు. అందుకే వాడికి ఒక వెసులుబాటు ఉంది. తన కొలత నచ్చకపోతే, ట్రాక్టరు దారి మీద ఉండగానే చెప్పేసి, ఆ కొలత వదులుకుని, అందరూ అయ్యాక చివర్లో మళ్ళీ లాగొచ్చు. ఈ నియమం మాకూ వర్తిస్తుందని కమిటీ పెద్దమనిషి ముందే చెప్పారు. మామయ్య కళ్ళు మూసుకుని, "ప్రభువా, నీ చెయ్యి ఈ బండి మీద ఉంచు," అన్నారు. ఆకుపచ్చ జెండా లేచింది.

గొలుసు బిగిసింది. ట్రాక్టరు కదిలింది. చప్పుడేమీ లేదు. మోటారు సన్నగా ఈల వేస్తోంది, మట్టి చక్రాల కింద చిట్లుతోంది. జనం ఇదేదో ఇంకా మొదలు కాలేదేమో అన్నట్టు చూస్తున్నారు. సగం దాటింది. బరువు పెట్టె ముందుకు జరుగుతోంది, ముందు చక్రాలు కాస్త గాల్లోకి లేచాయి. వేగం తగ్గుతోంది, అయినా లాగుతోంది. ఆ క్షణంలో నా చెవి పక్కన ఒక కేక లేచింది.

"హెయ్. హెయ్. హెయ్య్. పోనీయ్, పోనీయ్, హెయ్య్."

మామయ్య. గీత దాటలేదు, మాట తప్పలేదు. ఉన్నచోటే నిలబడి, నడుం వంచి, చెయ్యి గాల్లో ఆడిస్తూ, ఊరంతా వినబడేట్టు అదిలిస్తున్నారు. ఆ నిశ్శబ్దంలో ఆ కేక కత్తిలా వెళ్ళింది. ఓనరుగారి తల చటుక్కున పక్కకు తిరిగింది. పెడల్ మీంచి కాలు తీసేశారు. ట్రాక్టరు ఆగిపోయింది.

ఆగీ ఆగగానే ఆయన దూకి, ముఖం పాలిపోయి, వెనక చక్రం దగ్గరకు పరిగెత్తారు. వంగి కిందకు చూశారు. "ఎవరు? ఎవరికి తగిలింది?" అని అరుస్తున్నారు. అప్పుడు నాకు తెలిసింది. ట్రాక్టరు మీద కూర్చుని ఉండగా మనిషి గొంతు ఆయన ఎప్పుడూ వినలేదు. వినబడిందంటే ఎవరో చక్రం కింద పడ్డారనే అనుకున్నారు.

నా కోపం తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. మామయ్య అని కూడా చూడలేదు. "ఎందుకండీ అంత కేక? ఆయన భయపడి ఆపేశాడు. అంతా పోయింది," అన్నాను. మామయ్య చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. మెల్లగా దించుకున్నారు.

"అరవకపోతే ఎట్టా లాగుద్దమ్మా?" అన్నారు. అని, కటకటాల వైపు ముఖం తిప్పుకున్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరగడం చూసి నాకు ఏడుపొచ్చింది. అయినా అప్పుడు ఏడవడానికి టైం లేదు.

కమిటీ పెద్దమనిషి దారి మీదకు వచ్చి, కొలత ఉంచుకుంటారా, వదులుకుంటారా అని అడిగారు. కొలత డెబ్బై దాటింది, కానీ మాకు కావలసింది వంద. ఓనరుగారు నా వైపు చూశారు. నేను లాప్‌టాప్ చూశాను. బ్యాటరీ బాగా వేడెక్కింది. చివర్లో మళ్ళీ లాగేసరికి పూర్తిగా చల్లారదు. ఒక హద్దు దాటితే నా ప్రోగ్రామే బలం తగ్గించేస్తుంది, అది సరిగ్గా చివరి మీటర్లలో జరగొచ్చు. "ఆ హద్దు కాస్త పెంచగలవా?" అన్నారు. పెంచను అన్నాను. పెంచితే నిప్పంటుకోవచ్చు, మీరు దాని మీద కూర్చుని ఉంటారు. ఆయన నన్ను ఒక్క క్షణం చూసి, కమిటీ పెద్దమనిషికి చెప్పారు, "వదులుకుంటున్నాను. చివర్లో లాగుతాను."

మిగతా ట్రాక్టర్లు లాగుతున్నంతసేపూ మేం బ్యాటరీకి సపర్యలు చేశాం. చల్లబరిచే నీళ్ళ గొట్టాన్ని ఒక పెద్ద తొట్టిలోంచి తిప్పి, ఆ తొట్టి నిండా బీరు కొట్టులోంచి తెచ్చిన ఐసు పోశాం. సబ్బుపొడి తెచ్చిన క్లబ్బాయనే అందరికంటే ఎక్కువ బకెట్లు మోశాడు. కమిటీ పెద్దమనిషి వచ్చి తొట్టిలోకి తొంగి చూశారు. "దీని గురించి నియమాల్లో ఏమీ లేదు," అన్నారు, కాస్త బాధగా.

మామయ్య దూరంగా, ఒక్కరే, బల్ల మీద కూర్చున్నారు. ఓనరుగారు హెల్మెట్ చంకలో పెట్టుకుని ఆయన దగ్గరకు వెళ్ళి పక్కన కూర్చున్నారు. నన్ను పిలిచారు. "అడుగు, ఎందుకు అరిచారో," అన్నారు.

మామయ్య నా వైపు చూడకుండా చెప్పారు. "జత అలిసిపోయినప్పుడు పక్కన మనిషుండాడని దానికి తెలవాలి. తెలిస్తే ఇంకో అడుగేస్తది. లేపోతే ఆడే నిలబడిపోద్ది. అంతేనమ్మా. చెప్పు ఆయనకి, తప్పయిపోయిందని."

నేను చెప్పాను. తప్పు అన్న మాట కూడా చెప్పాను. ఓనరుగారు తల తిప్పి ట్రాక్టరు సీటు వైపు చూశారు. తర్వాత, "అక్కడ కూర్చుంటే ఒంటరిగా ఉంటోంది," అన్నారు. "ఇంజను ఉన్నప్పుడు అలా ఉండేది కాదు. ఈసారి కూడా అరవమను. ఇంకా గట్టిగా. నేను ఆపను." మామయ్యకు అది చెప్పాను. ఆయన తుండు తీసి ముఖం తుడుచుకుని, "నిజంగా అన్నాడా, లేపోతే నన్ను ఓదార్చడానికి నువ్వు కల్పించావా?" అన్నారు. నిజంగానే అన్నారని ఒట్టు పెట్టాల్సి వచ్చింది.

ఆ మాటలు విన్న ఓనరమ్మ మైకు పట్టుకున్న మనిషి దగ్గరకు వెళ్ళి ఏదో చెప్పింది. మా వంతు వచ్చినప్పుడు మైకులో ఆయన జనంతో అన్నాడు: ఈ ట్రాక్టరుకు చప్పుడు లేదు, అందుకని చప్పుడు మీరు చెయ్యాలి. మన ఊరివాడు చెవుల మిషన్లు పెట్టుకునే కూర్చున్నాడు. ఇదిగో ఈ పెద్దాయన, ఇండియా నుంచి వచ్చాడు, ఎలా అరవాలో చూపిస్తాడు. జనం నవ్వారు. మామయ్య తుండు నడుముకు బిగించారు.

అప్పటికి దారి అంతా చితికిపోయింది. ముందు లాగినవాళ్ళ చక్రాలు గుంటలు చేసి వదిలాయి. మొదటిసారి ఉన్నంత తేలిక కాదని చూస్తేనే తెలుస్తోంది. జెండా లేచింది, గొలుసు బిగిసింది. మామయ్య మొదలుపెట్టారు. హెయ్య్. కటకటాల మీద చేత్తో కొట్టారు. సబ్బుపొడి క్లబ్బాయన అందుకున్నాడు. అగ్నిమాపక దళంవాళ్ళు అందుకున్నారు. సగం దాటేసరికి రెండు పక్కలా కటకటాలు మోగిపోతున్నాయి. మా పాప వాళ్ళ నాన్న భుజాల మీద ఎక్కి, జర్మన్‌లో, తెలుగులో, ఏ భాషలోనూ లేని కేకలు పెడుతోంది. మా ఆయన సాసేజ్ ఎక్కడో పారేసుకుని రెండు చేతులతో చప్పట్లు కొడుతున్నాడు.

ఓనరుగారి తల పక్కకు తిరగలేదు. డెబ్బై దాటింది. ఎనభై. అక్కడ నా ప్రోగ్రాము బలం తగ్గించింది, నాకు లాప్‌టాప్‌లో కనబడింది. చక్రాలు మెల్లగా, మరీ మెల్లగా తిరుగుతున్నాయి. ఇక ఆగిపోతుందనుకున్నాను. నేనూ అరిచాను. ఏమని అరిచానో నాకే తెలియదు. ఆయన కాలు పూర్తిగా తొక్కలేదు, కొంచెం వదిలారు, మళ్ళీ తొక్కారు, చక్రం జారకుండా మట్టిని పట్టుకుంది. చెవులతో కాదు, ఇంకేదో పద్ధతిలో నడుపుతున్నారు. చివరి గీత ముందు ట్రాక్టరు ముక్కు తూగింది. తూగి, దాటింది.

బరువుబండి వాడు ఎర్ర జెండా ఎత్తాడు. పూర్తిగా లాగినట్టు. మామయ్య నన్ను పట్టుకున్నారో నేను మామయ్యను పట్టుకున్నానో తెలియదు. ఇందాకటి కోపానికి క్షమించమని అడిగాను. ఆయన గొంతు బొంగురుపోయి మాట రాలేదు, తల మీద చెయ్యి వేశారు. కమిటీ పెద్దమనిషి అప్పటికే దారి మీద నడిచి వస్తున్నారు. మేమంతా ఆయన కంటే ముందు ట్రాక్టరు దగ్గరకు చేరాం.

ఓనరుగారు దిగలేదు. హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. జనం ఇంకా ఆపలేదు, ఆయన పేరు పెట్టి అరుస్తున్నారు. ఆయన వాళ్ళ వైపు ఒకసారి ఇటు, ఒకసారి అటు చూశారు. తర్వాత కింద నిలబడ్డ ఓనరమ్మతో, "ఇన్నేళ్ళూ ఇలాగే అరిచేవాళ్ళా?" అని అడిగారు.

"ప్రతిసారీ," అంది ఓనరమ్మ. "నేనైతే అందరికంటే గట్టిగా."

ఆయన స్టీరింగ్ మీద తల ఆనించి ఏడ్చేశారు. ఓనరమ్మ పైకి ఎక్కి చక్రం అంచు మీద కూర్చుని ఆయన వీపు మీద చెయ్యి వేసింది. కమిటీ పెద్దమనిషి వచ్చి, చెప్పాల్సింది చెప్పడానికి నోరు తెరిచి, వాళ్ళిద్దరినీ చూసి, టోపీ తీసి పట్టుకుని కింద నిలబడ్డారు.